కాలవగట్టు మీద రెండు నక్షత్రాలు

నెహెమ్యా అయ్యగారిని ప్రశ్న అడిగినవాళ్ళెవరూ జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళలేదు. ఏదో ఒక పని పట్టుకుని వెళ్ళారు. దేవుడు ముగ్గురా ఒక్కడా అని నిలదీసిన పెద్దమనిషి చేత ఆయన చర్చిలో ఉన్న మూడుకాళ్ళ పీట బాగు చేయించారు. నరకం ఎంత వేడిగా ఉంటుందండీ అని అడిగినావిడ చేత ప్రేమవిందు గాడిపొయ్యి ముట్టించారు. అందుకే ఆయన సంగతి తెలిసిన లంక జనం తమ సందేహాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టుకుని, ఆయన ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడేవారు. తెలియనివాడు గిద్యోను ఒక్కడే.

గిద్యోను ఆ యేడే బైబిలు స్కూలు చదువు ముగించుకుని అయ్యగారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. చక్కనివాడు, మంచివాడు, కాస్త ఇస్త్రీ ఎక్కువైనవాడు. అతని చొక్కా తెలుపు చూసి కాలవలో కొంగలు మొహం చాటేసేవి. ఇక ప్రార్థనంటారా, అతను కళ్ళు మూసుకుని మొదలెట్టేటప్పటికి పందిట్లో ఆనపపాదుకు పువ్వుంటే, ఆమేన్ అనేటప్పటికి కాయ కోసి పులుసు పెట్టుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు అతని ప్రార్థనకు వచ్చేముందు ఇంట్లో కోడళ్ళకు అప్పగింతలు చెప్పి మరీ వచ్చేవారు. అయినా ఎవరికీ అతని మీద కోపం లేదు. కుర్రతనం కదా, ఆ దేవుడే ఏదో ఒకనాడు కొంచెం కత్తిరిస్తాడులే అనుకునేవారు.

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా గిద్యోను అయ్యగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, క్రైస్తవుణ్ణి దేన్నిబట్టి పోల్చుకోవాలండీ? పండుగ ఆదివారం నా మొదటి ప్రసంగం అదే పెట్టుకున్నాను. మొహాన బొట్టు లేకపోవడం ఒక గుర్తు. తెల్లబట్ట ఒకటి. చంకలో బైబిలు ఒకటి. ఇంటి ముందు నక్షత్రం ఒకటి. ఇవి కాక మీరు ఇంకోటేదన్నా గట్టి గుర్తు చెబితే, దాంతో ముగిస్తాను."

అయ్యగారు సైకిలు బోర్లించి చైనుకు ఆముదం రాస్తున్నారు. తలెత్తలేదు.

"పాలేటిపాడుకి కొత్తగా బదిలీ మీద యోనా మాష్టారని ఒకాయన వచ్చాడట. ఇవాళ సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టించుకుంటున్నాడు. మనలో ఆయన మొహం ఎరిగినవాళ్ళు లేరు. కాలవగట్టున పెంకుటిల్లు, నక్షత్రం కట్టి ఉంటుందని కబురు చేశాడు. మనవాళ్ళని నువ్వు నడిపించుకుపో. నేను వెనకాల వస్తా."

"మరి నా ప్రశ్నండీ?"

"దాన్నీ తీసుకురా."

పొద్దు వాలుతుండగా బయల్దేరింది దండు. ముందు గిద్యోను. అతని వెనక డోలక్కు మెళ్ళో వేసుకుని సొలొమోను. ఆ వెనక దీనమ్మ. దీనమ్మ పాట ఎత్తుకుంటే అవతలి ఒడ్డున కట్టేసిన గేదెలు కూడా ఇటు తిరిగి నిలబడేవి. ఆవిడ వెనక తెల్లచీరల వరస, వాళ్ళ నెత్తి మీద సరుకుల మూట. కొత్తగా కాపురం పెట్టిన ఇంటికి చేతులూపుకుంటూ వెళ్ళకూడదని వాళ్ళ సంఘంలో అలవాటు. రవ్వ, పంచదార, శనగపిండి, నూనె, నెయ్యి, జీడిపప్పు, ఇంకా ఎవరింట్లో ఏది మిగిలితే అది. అందరికన్నా వెనక, చేతికర్ర తాటిస్తూ, దారిలో కనబడిన ప్రతి దూడనీ పలకరిస్తూ నెహెమ్యా అయ్యగారు.

పాలేటిపాడు పొలిమేర దాటగానే కాలవగట్టున పెంకుటింటి ముందు వెదురుగడకి నక్షత్రం కనబడింది. ఎర్రకాగితాల మధ్య బల్బు వెలుగుతోంది. ఆకాశంలో ఉన్నవాటికి ఉక్రోషం వచ్చేలా వెలుగుతోంది.

"ఎందుకైనా మంచిది, ఎవర్నన్నా ఒకమాట అడుగుదాం తమ్ముడూ," అన్నాడు సొలొమోను.

గిద్యోను ఆగి, వెనక్కి తిరిగి, జాలిగా చూశాడు. "నక్షత్రం కళ్ళెదుట కనబడుతుంటే మనుషుల్ని అడగడమేమిటన్నా? దాన్నే అవిశ్వాసం అంటారు."

సొలొమోను డోలక్కు సర్దుకుని వెనకే నడిచాడు. కానీ ఆ ఇల్లు యోనా మాష్టారిది కాదు. వీర్రాజుగారిది. ఆయన కూతురు తాయారుకి ఆ సాయంత్రం పెళ్ళిచూపులు. కిందటి నెలలో ఒక సంబంధం వాళ్ళు ఈ ఇల్లు దొరక్క ఊరంతా మూడు చుట్లు తిరిగి, దారే దొరకని సంబంధం అచ్చిరాదని మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. అప్పట్నించీ ఊళ్ళో నాలుగు నోళ్ళు ఆ ఇంటిని నమిలేస్తున్నాయి. ఈసారి రాబోయే పిల్లాణ్ణి తాయారు ఒకసారి తిరణాలలో చూసింది. చూసిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ, వీళ్ళు మాత్రం దారి తప్పకూడదని మనసులో గట్టిగా అనుకుంది. ఊరి పడమటి కొసన కొత్త మాష్టారి ఇంటి ముందు వేలాడే నక్షత్రం చూసి వచ్చి, వెదురు బద్దలు చీల్చి, గ్లేజు కాగితం అతికించి, తూర్పు కొసన తన ఇంటి ముందు ఇంకోటి కట్టింది. కాలవగట్టున పెంకుటిల్లు, నక్షత్రం గుర్తు అని పెళ్ళికొడుకు వాళ్ళకు నాన్న చేత కబురు పెట్టించింది. సంబంధం తెచ్చిన పెద్దాయన జ్వరంతో మంచం పట్టాడు కాబట్టి ఇటువాళ్ళ మొహాలు అటువాళ్ళు ఎరగరు, అటువాళ్ళ మొహాలు ఇటు తాయారు తప్ప ఇంకెవరూ ఎరగరు.

ప్రార్థనవాళ్ళు తూర్పు నుంచి వచ్చారు. తూర్పున ఉన్న నక్షత్రం కింద ఆగారు. ఇందులో ఎవరిని తప్పు పడతాం?

వీర్రాజుగారు పైపంచె సర్దుకుంటూ వీధిలోకి ఉరికివచ్చారు. "రండి రండి రండి! దారి దొరికిందా అండీ?"

"నక్షత్రం చూసి తిన్నగా వచ్చేశామండీ," అన్నాడు గిద్యోను.

"దానికోసమే కట్టాం బాబూ, దానికోసమే!" అని వీర్రాజుగారు గిద్యోను రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి గిద్యోనుకి గుండె నిండిపోయింది. కొత్త ఊళ్ళో ఈ కుటుంబానికి ఎంత విశ్వాసం అనుకున్నాడు. కాళ్ళకు నీళ్ళిచ్చారు. దుప్పట్లు పరిచారు. గిద్యోనును మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. దైవజనుడంటే ఇంత గౌరవమా అని అతను కొంచెం పొంగాడు. నెహెమ్యా అయ్యగారిని మాత్రం "పెద్దాయనకి గోడ దన్ను ఉండాలి" అని మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన గడప వైపు ఒకసారి చూసి, వచ్చే పళ్ళేల వైపు ఒకసారి చూసి, గోడకు చేరగిలబడి కూర్చున్నారు.

పళ్ళేలంటే అవి మామూలు పళ్ళేలా? పూర్ణం బూరెలు ఒక్కోటి పసిపిల్లాడి తలకాయంత. వాటి నడుమ గుంట చేసి పోసిన నెయ్యిలో ఈతకొట్టొచ్చు. సున్నుండలు, జంతికలు, కాజాలు. ఇల్లాలు సత్యవతిగారు వడ్డిస్తుంటే, వద్దన్నవాళ్ళకి రెండు, చాలన్నవాళ్ళకి మూడు పడ్డాయి. దీనమ్మ పాడబోయే గొంతుకి నెయ్యి మంచిదని నాలుగు తింది. సొలొమోను డోలక్కు పక్కనబెట్టి మరీ తిన్నాడు. చూస్తుండగానే వంటింట్లో బూరెల గుట్ట కాస్తా అడుగు బేసిన్ కనబడేదాకా వచ్చింది.

"అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని వీర్రాజుగారు అయ్యగారిని అడిగారు.

అయ్యగారి నోట్లో బూరె ఉంది. గిద్యోనే జవాబు చెప్పాడు. "మందను కాస్తుంటానండీ."

వీర్రాజుగారు కొంచెం తగ్గారు. చదువుకున్నవాడని చెప్పారే అనుకున్నారు. "గొర్రెలా బాబూ, మేకలా?"

"గొర్రెలేనండీ," అన్నాడు గిద్యోను మందహాసం చేస్తూ. "మేకల్ని ప్రభువు ఎడమవైపు నిలబెడతాడు."

"ఆ ప్రభువు గారు మీ పెదనాన్నగారా?"

లోపల తలుపు సందులోంచి వీర్రాజుగారి తల్లి అప్పాయమ్మ ఈ వచ్చినవాళ్ళను కళ్ళు చికిలించి చూస్తోంది. "ఏమే సత్యవతీ, ఒక్కదాని మొహానా బొట్టు లేదేమిటే? అందరూ తెల్లచీరలూను! ఇంతమంది ఒక్కసారే బొట్టు చెరుపుకున్నారా, ఏం ఉపద్రవమే వాళ్ళ ఊళ్ళో?" "అబ్బ, మెల్లగా అత్తయ్యా. పట్నంలో ఇప్పుడిదే ఫ్యాషనట," అని సత్యవతిగారు అత్తగారి నోరు మూయించి, కుంకుమభరిణె వెతకడానికి వెళ్ళింది. వచ్చిన ఆడవాళ్ళకు బొట్టు పెట్టకుండా పిల్లను చూపించడం ఆ ఇంట్లో ఏనాడూ లేదు.

అంతలో తాయారు కాఫీ గ్లాసుల పళ్ళెంతో బయటికి వచ్చింది. తల ఎంత వంచుకుందంటే, జడలో పువ్వులు ముందు వచ్చాయి, మొహం తర్వాత వచ్చింది. గ్లాసులు గణగణమంటున్నాయి. పిల్ల వణుకుతోందని గిద్యోను గమనించాడు. తననీ పిల్లనీ ఇంటిల్లిపాదీ మార్చి మార్చి చూడడం కూడా గమనించాడు. బైబిలు స్కూల్లో అతను ఇలాంటివి చాలా నేర్చుకున్నాడు.

"అమ్మాయికి ఎన్నాళ్ళ నుంచి జబ్బండీ?"

వీర్రాజుగారు ఉలిక్కిపడ్డారు. "జబ్బేమిటి బాబూ! నిక్షేపంలా ఉంటేను!"

"దాచకండి. నేను ఇప్పుడే తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తాను," అని గిద్యోను లేచి చెయ్యి చాచాడు.

తాయారు పళ్ళెంతో సహా ఒక్క గెంతు వెనక్కి గెంతింది. పెళ్ళిచూపుల్లోనే పిల్ల మీద చెయ్యి వేసే పెళ్ళికొడుకుని ఆ ఇంట్లో ఎవరూ కనలేదు వినలేదు. అప్పాయమ్మ చేటంత నోరు తెరిచింది. సరిగ్గా ఆ క్షణాన సత్యవతిగారు కుంకుమతో వచ్చి దీనమ్మ నుదుటి మీదికి వేలు పెట్టబోయింది.

దీనమ్మ గబుక్కున వెనక్కి జరిగింది. "మేం పెట్టుకోం తల్లీ, ఏమనుకోకు. మేం ప్రార్థనవాళ్ళం. యోనా మాష్టారిల్లే కదమ్మా ఇది?"

"మాష్టారిల్లు అటు కొసన కదండీ," అంది సత్యవతిగారు. "మీరు… తాయారుని చూడ్డానికి…"

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, కాలవలో చేపపిల్ల ఆవులించినా వినబడేది. ఆ నిశ్శబ్దంలో సత్యవతిగారు ఖాళీ పళ్ళేలు చూసింది. వంటింట్లో ఖాళీ బేసిన్ చూసింది. గుమ్మానికి ఆనుకుని కూలబడిపోయింది.

"ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తారు వాళ్ళు. వాళ్ళ ముందు ఏం పెట్టను? కిందటిసారి దారి దొరకలేదన్నారు. ఈసారి ఉత్త కాఫీ నీళ్ళు పోశారంటారు. ఇంకీ గుమ్మం ఎవరు తొక్కుతారు? నా పిల్ల నక్షత్రం కట్టుకుందండీ, చేతులు కోసుకుని కట్టుకుంది."

తాయారు పళ్ళెం పట్టుకునే నిలబడింది. తల వంచుకునే ఉంది. కాకపోతే ఇప్పుడు గ్లాసులు మోగడం లేదు. అది చూస్తే గిద్యోనుకి కడుపులో ఉన్న బూరెలన్నీ రాళ్ళయిపోయాయి. అడుగుదామన్న సొలొమోను మాట చెవిలో గింగురుమంది. ఏదో ఒకటి చెయ్యాలి. అతనికి వచ్చింది ఒక్కటే.

"అందరూ కళ్ళు మూసుకోండి," అన్నాడు. "ప్రార్థన చేద్దాం."

అని తను మూసుకున్నాడు. మొదలెట్టాడు. ఆదాము దగ్గర మొదలెట్టాడు. నోవహు ఓడ దాటాడు, ఎర్రసముద్రం దాటాడు, అరణ్యంలో మన్నా కురిసిన చోట కాసేపు ఆగాడు. ఈ ఇంటికి కూడా ఆకాశం నుంచి ఏదన్నా కురిపించమని కన్నీళ్ళతో అడిగాడు. నిజంగానే అడిగాడు, అందులో నటన ఆవగింజంత లేదు. ఆ కుటుంబం అవమానపడకూడదని అతని ప్రాణం కొట్టుకుంటోంది. మధ్యలో చెంబులు తగిలిన చప్పుడు వినబడింది. ఏదో చిటపటమంది. సాతాను ఆటంకపరుస్తున్నాడనుకుని గొంతు ఇంకా పెంచాడు. ప్రవక్తలందరినీ పేరుపేరునా పలకరించి, చివరికి ఆమేన్ అన్నాడు.

ఎవరూ ఆమేన్ అనలేదు. పెరట్లో దూడ మాత్రం అంబా అంది.

గిద్యోను కళ్ళు తెరిచాడు. చావడిలో నరపురుగు లేదు. పరిచిన దుప్పట్లు దులిపి మళ్ళీ పరిచి ఉన్నాయి. తిన్న పళ్ళేలు మాయమయ్యాయి. తను ఒక్కడే గోడ మీది గడియారం ముందు చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు.

పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ పెళ్ళే జరుగుతున్నట్టుంది! యోనా మాష్టారికని తెచ్చిన మూట విప్పేసి ఉంది. తెల్లచీరలన్నీ మోకాళ్ళ పైకి దోపి ఉన్నాయి. దీనమ్మ ఒక చేత్తో రవ్వ వేయిస్తూ, రెండో చేత్తో శనగపిండి కలుపుతూ, నోటితో సత్యవతిగారిని ఓదారుస్తోంది. "ఏడవకు వదినా. నెయ్యి మాది, ఏడుపు మీదీ అయితే కేసరి ఉప్పగా తేలుతుంది." సొలొమోను అరటిగెల మీద పడి కాయలు కోస్తున్నాడు. ఒకావిడ మిరపకాయలు చీరుతోంది. ఇంకొకావిడ తాయారు జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. వీర్రాజుగారు ఎవరు ఏది అడిగితే అది అందిస్తూ బొంగరంలా తిరుగుతున్నారు. నెహెమ్యా అయ్యగారు అప్పాయమ్మ పక్కన పీట వేసుకుని జీడిపప్పు బద్దలు విడదీస్తున్నారు. ఇద్దరూ తమ తమ కాలంలో మనుషులు ఎంతెంత తినేవాళ్ళో పోటీలు పడి చెప్పుకుంటున్నారు. అప్పాయమ్మ వాళ్ళ మావగారు పనసకాయ తొక్కతో సహా తినేవారట.

గిద్యోను గుమ్మంలో నిలబడిపోయాడు. "అయ్యగారూ… నేను ప్రార్థన చేస్తుంటే…"

"విన్నాం. బాగా చేశావు," అన్నారు అయ్యగారు. "పొయ్యి ఆరిపోతోంది. ఊదు."

గిద్యోను తన చొక్కా వంక చూసుకున్నాడు. పొయ్యి వంక చూశాడు. తాయారు వంక చూశాడు. గొట్టం తీసుకుని పొయ్యి ముందు చతికిలబడ్డాడు. పుల్లలు పచ్చివి. మొదటి ఊదుకు పొగంతా అతని మొహానికే వచ్చింది. రెండో ఊదుకు బూడిద లేచి తల నెరిసిపోయింది. మూడో ఊదుకి మంట భగ్గుమంటే ఆడవాళ్ళందరూ "స్తోత్రం!" అని కేకపెట్టారు. అతని ప్రార్థనకి ఏనాడూ అంత గట్టిగా ఎవరూ స్తోత్రం చెప్పలేదు.

కేసరి సగంలో ఉండగా వీధివైపు నుంచి ఒకాయన రొప్పుతూ వచ్చాడు. "ఇక్కడ ప్రార్థనవాళ్ళు ఎవరన్నా దారి తప్పి… ఆ, వందనాలండీ! నేను యోనా మాష్టార్నండీ. మా ఇంట్లో ఎవరో పదిమంది వచ్చి కూర్చున్నారు. మీరే అనుకుని పాటలు మొదలెట్టేశాం. వాళ్ళూ పాపం చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడేమో, మీ అమ్మాయిని ఎప్పుడు చూపిస్తారని అడుగుతున్నారు. నాకు ఉన్నది మూడేళ్ళ పిల్లండీ!"

వీర్రాజుగారికి ప్రాణం లేచి వచ్చింది. పడమటి రేవు దిగిన పెళ్ళికొడుకు వాళ్ళు పడమట ఉన్న నక్షత్రం కింద ఆగారు! అయ్యగారు జీడిపప్పు పళ్ళెం దించకుండానే అడిగారు. "తినడానికి ఏమన్నా పెట్టారా వాళ్ళకి?"

"లేదండీ, ప్రార్థనయ్యాక పెడదామని…"

"పెట్టకు. ఇంకో రెండు పాటలు పాడించి తీసుకురా. అమ్మాయి ఎవరో, ఇల్లు ఏదో దారిలో చెప్పు. ఆకలి మాత్రం అలాగే ఉంచు." తర్వాత మూట వైపు చెయ్యి చూపించారు. "ఈ సరుకులు నీకని తెచ్చాం మాష్టారూ. అయిపోయాయి."

యోనా మాష్టారు పొయ్యి మీది బాణలిని చూశాడు, దాని చుట్టూ ఉన్న మొహాలని చూశాడు. "అయిపోనివ్వండి. మా ఆవిడ చేసిన రోజ్ కుకీలు ఉన్నాయి, అవీ పంపిస్తాను," అని వచ్చిన దారినే పరుగెత్తాడు.

పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చేసరికి వేడివేడి అరటికాయ బజ్జీలు, కేసరి, మాష్టారింటి రోజ్ కుకీలు వరసగా నిలబడి ఉన్నాయి. అందరూ మంచి హుషారు మీద ఉన్నారు. పెళ్ళికొడుకు తండ్రి ఇందాకటి పాట ఇంకా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. తాయారు కాఫీ తెచ్చింది. ఈసారి మొహం ముందు వచ్చింది, పువ్వులు తర్వాత వచ్చాయి. ఆ పిల్లాడు గ్లాసు అందుకోవడం మరిచిపోయి అలాగే చూస్తుండిపోయాడు. కాఫీ చల్లారి, పాలు మళ్ళీ ఆవులోకి వెళ్ళిపోతాయేమో అన్నంతసేపు చూశాడు.

"ఆ నక్షత్రం ఎవరు కట్టారండీ?" అని అడిగాడు చివరికి.

"నేనే," అంది తాయారు.

సంబంధం అక్కడే కుదిరిపోయింది. మిగతాదంతా పెద్దవాళ్ళ కాలక్షేపం.

ఆ కాలక్షేపంలో పెళ్ళికొడుకు తండ్రి బజ్జీ కొరుకుతూ పెరటివైపు మెడ సాచాడు. "ఈ తెల్లచీరల వాళ్ళంతా ఎవరండీ?"

వీర్రాజుగారు కేసరి పళ్ళెం ఆయన ముందుకు జరిపారు. గిద్యోను అప్పుడే బజ్జీల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చాడు. జవాబు అతని నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎవరు ఎక్కడ అడిగినా చెప్పడానికి ఎన్నాళ్ళ నుంచో సాన పట్టి ఉంచుకున్న జవాబు. అతను నోరు తెరిచేలోపలే అప్పాయమ్మ అందుకుంది.

"ఎవరేమిటి నాయనా? మావాళ్ళే."

"మరి ఈ మసి కుర్రాడో?"

"వాడూ మావాడే. పొయ్యి దగ్గర వాడి ఊపిరి మంచిది."

అందరూ గిద్యోను వంక చూశారు. చొక్కా మీద తెలుపు ఎక్కడన్నా మిగిలిందేమోనని కొంగలు వచ్చి వెతికినా దొరకదు. చెమట తుడుచుకున్నప్పుడు నుదుటి మీద ఇంత మసి మరక పడింది. అతని నాలుక చివరి మాట అక్కడే కాసేపు ఊగి, మెల్లగా లోపలికి జారిపోయింది.

"బజ్జీ ఇంకోటి వేయమంటారాండీ?" అన్నాడు గిద్యోను.

వెళ్ళేటప్పుడు సత్యవతిగారు అలవాటు కొద్దీ కుంకుమభరిణె చేతిలోకి తీసుకుంది. గుర్తొచ్చి లోపల పెట్టేసింది. పెరట్లోకి వెళ్ళి ఉన్న చామంతులన్నీ తెంపుకొచ్చి తెల్లచీరలన్నిటికీ పంచింది. "పువ్వులకేం అడ్డు లేదు కదా వదినా?" "పువ్వులు చేసినాయన మాక్కూడా చుట్టమే," అని దీనమ్మ జుట్టు నిండా తురుముకుంది. తాయారు వీధి గుమ్మం దాకా వచ్చి గిద్యోను పక్కన నిలబడి, తల కొంచెం వంచింది. "ఇందాక చెయ్యి వేస్తానన్నావు కదన్నయ్యా. ఇప్పుడు వెయ్యి." గిద్యోను చెయ్యి మసిగా ఉందని వెనక్కి తీసుకోబోయాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. అతను చెయ్యి వేశాడు. ఏం మాటలూ రాలేదు. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

ఆ తర్వాత యోనా మాష్టారింట్లో ప్రార్థన అయింది. గిద్యోను అక్కడ చేసిన ప్రార్థన ఎంత పొట్టిదంటే, మాష్టారి భార్య చెంగు నెత్తి మీదికి లాక్కునేలోపల ఆమేన్ అయిపోయింది. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబ్బాయికి ఒంట్లో బాగాలేదేమోనని ఒకావిడ నుదురు కూడా తాకి చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు గిద్యోను వరస ముందు నడవలేదు. వెనకాల అయ్యగారి పక్కన నడిచాడు. ముందర దీనమ్మ పాడుతోంది. అవతలి ఒడ్డున గేదెలు ఇటు తిరిగి నిలబడ్డాయి.

"అయ్యగారూ, అది మాష్టారిల్లు కాదని మీకు ముందే తెలుసా?"

"గడపకి పసుపు చూశాను."

"మరి చెప్పలేదేమండీ!"

"అప్పటికే బూరె నోట్లో ఉంది."

గిద్యోనుకి నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. "నక్షత్రాన్ని నమ్మి నేను తప్పింటికి నడిపించాను అందరినీ."

"ప్రభువు పుట్టినప్పుడు నక్షత్రం వెంట బయల్దేరిన ఆ జ్ఞానులు కూడా ముందు వేరే ఇంటికే, రాజుగారి కోటకే వెళ్ళారు," అన్నారు అయ్యగారు. "అక్కడ వాళ్ళకి బూరెలు కూడా పెట్టలేదు."

కాలవ మెట్లు వచ్చాయి. గిద్యోను ఆగాడు. మెట్లు దిగి, వంగి, మొహం కడుక్కోవడానికి దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. నీళ్ళలో తన మొహం, నుదుటి మీద మసి కనబడ్డాయి.

"అయ్యగారూ," అన్నాడు తలెత్తకుండానే, "మీరింకా నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఆదివారం దేంతో ముగించను?"

నెహెమ్యా అయ్యగారు గట్టు మీద చేతికర్ర ఆన్చుకుని అతని వంక చూశారు.

"కడుక్కోకు," అన్నారు. "గుర్తు కావాలన్నావుగా. ఆదివారం దాకా ఉండనీ."